నాబ్, కాప్, కిడ్నాప్: మూడు మాటలు, కొన్ని దొంగ వ్యుత్పత్తులు

వ్యుత్పత్తి చెప్పడమంటే తీర్పు చెప్పడమే. సాక్ష్యం లేకుండా తీర్పు చెప్పే న్యాయమూర్తిని మనం క్షమించం. సాక్ష్యం లేకుండా మాటకు పుట్టుక చెప్పే పండితుణ్ణి మాత్రం వేదిక ఎక్కించి శాలువా కప్పుతాం. ఈ వింత నాకు చాలాకాలంగా మింగుడు పడడం లేదు. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో తెలుగు పంతులుగా సుద్దముక్కలు అరగదీసినవాణ్ణి. సంధులూ సమాసాలూ అన్నంతోపాటు తిని పెరిగినవాణ్ణి. మా ఇంటివాళ్ళు చేస్తున్న పని మీద ఇంటివాడే నోరు విప్పడం మర్యాద అనుకొని ఈ టపా రాస్తున్నాను. కోపం వచ్చినవారు నిరభ్యంతరంగా కోపగించుకోవచ్చు. చివరిదాకా చదివి కోపగించుకొంటే సంతోషిస్తాను.

ఉదాహరణకు గంభీరమైన వేదాంతపదాలేవీ అక్కరలేదు. ఇంగ్లీషులో 'నాబ్' అనే చిన్న క్రియ ఒకటుంది. ఉచ్చారణను బట్టి 'న్యాబ్' అనాలి గాని, 'కిడ్నాప్' అని రాయడం మనకు అలవాటైపోయింది. ఆ మాటతో దీనికి చుట్టరికం ఉంది గనుక 'నాబ్' అనే రాస్తాను.

ముందు అర్థం సంగతి. నిఘంటువులు దీని పక్కన 'వాడుకలోని తేలికమాట' అన్న గుర్తు పెడతాయి. పోలీసులు దొంగను పట్టుకొంటే నాబ్ చేశారంటారు. తప్పు చేస్తూ ఉండగా ఎవడైనా దొరికిపోతే వాణ్ణీ నాబ్ చేశారంటారు. విందులో ఆఖరి గారెను పక్కవాడికంటే ముందు అందుకొన్నా, రద్దీలో మంచి కుర్చీని ఆక్రమించినా అదే మాట. మన ఇంగ్లీషు పాఠాల వెనక ఉండే పదపట్టికలు దీనికి 'పట్టుకొను' అని అర్థమిచ్చి చేతులు దులుపుకొంటాయి. అది సరిపోదు. 'పట్టుకొను' నిదానస్తుడి మాట; బిడ్డ తల్లి కొంగునూ పట్టుకొంటుంది. నాబ్‌లో ఆత్రం ఉంది, ఒడుపు ఉంది, కాస్త చిలిపితనం కూడా ఉంది. మన 'ఒడిసిపట్టు', 'దొరకబుచ్చుకొను', 'లటుక్కున అందుకొను' దానికి దగ్గర. కిటికీలోంచి జేబురుమాలు వేసి బస్సులో సీటు 'పట్టేసిన' ప్రతి తెలుగువాడికీ నాబ్ అంటే ఏమిటో నిఘంటువు చూడకుండానే తెలుసు.

అర్థం ఇంత తేటగా ఉన్న మాటకు పుట్టుక చెప్పవలసివచ్చేసరికి మనవాళ్ళు పూనకం వచ్చినట్టు మాట్లాడతారు. నా చెవిన పడినవి మూడు. మొదటిది: సంస్కృతంలోని 'లభ్' ధాతువే నాబ్ అయిందట; లభించడమూ పట్టుకోవడమూ ఒకటే కదా అని. రెండవది: మన నవాబు నుంచి నాబ్ వచ్చిందట, నవాబులూ, వారిని చూసి నేర్చుకొన్న కుంఫిణీ దొరలూ దొరికినదంతా ఒడిసిపట్టారు కదా అని. మూడవది కిడ్నాప్ గురించి: కిడ్ అంటే పిల్ల, నాప్ అంటే కునుకు, కనుక కునుకు తీస్తున్న పిల్లను ఎత్తుకుపోవడం కిడ్నాప్ అట. ఈ మూడవదాన్ని నేటి సూక్తిలాగా నల్లబల్ల మీద రాసి పిల్లలచేత వల్లె వేయించిన బడి కూడా నాకు తెలుసు.

ఒక్కొక్కదాన్నే బోనెక్కిద్దాం.

లభ్ సంగతి చూడండి. సంస్కృతానికీ ఇంగ్లీషుకూ దూరపు చుట్టరికం ఉన్న మాట నిజమే. 1786లో విలియం జోన్స్ కలకత్తాలో ఆ చుట్టరికాన్ని ఎలుగెత్తి చెప్పాడు. తరువాతి శతాబ్దంలో దానికి సూత్రాలు ఏర్పడ్డాయి. ఆ సూత్రాలు ఇష్టమున్నప్పుడు పాటించేవీ లేనప్పుడు వదిలేసేవీ కావు. నామకు ఎదురుగా నేమ్, నాసకు ఎదురుగా నోస్, నవకు ఎదురుగా న్యూ నిలబడతాయి. నకారానికి నకారమే. లుభ్ ధాతువుకు ఎదురుగా ఉన్నది లవ్. లకారానికి లకారమే, పైగా మాట చివరి భకారానికి అక్కడ వకారం. నాభికి ఎదురుగా నేవల్, అక్కడా అంతే. ఇప్పుడు చెప్పండి. లభ్‌కు ఇంగ్లీషులో తోబుట్టువు ఉంటే అది లకారంతో మొదలై వకారం వైపు పోవాలా, లేక నకారంతో మొదలై బకారంతో ముగియాలా? లుభ్‌కు ఒక న్యాయమూ లభ్‌కు ఒక న్యాయమూనా? మన వ్యాకరణంలో సవర్ణదీర్ఘసంధిని ఒక మాటకు పాటించి, మరొక మాటకు బుద్ధి పుట్టలేదని మానేసిన విద్యార్థికి మనం ఎన్ని మార్కులు వేస్తాం?

నవాబు సంగతి ఇంకా సులువు. దానికి వ్యాకరణం అక్కరలేదు, పంచాంగం చాలు. నాబ్ ఇంగ్లీషు రాతల్లో కనబడడం 1680లలో మొదలైంది. నవాబు అన్న మాట 'నేబాబ్' రూపంలో అంతకుముందే ఇంగ్లీషులోకి వెళ్ళింది గాని, అప్పుడది మొగలాయీ అధికారి హోదా మాత్రమే. హిందూదేశంలో దోచుకొని ఇంగ్లండులో మేడలు కట్టిన దొరలను ఆ పేరుతో వెక్కిరించడం 1757 నాటి ప్లాసీ యుద్ధం తరువాత ఊపందుకొంది. శామ్యూల్ ఫుట్ ఆ పేరుతోనే నాటకం ఆడించినది 1772లో. తాతకంటే ముందు మనుమడు పుట్టడం పురాణాల్లోనూ అరుదే. పైగా నాబ్‌కు 'నాప్' అనే కవలరూపం ఉంది, అదీ ఒడిసిపట్టడమే. నవాబు నుంచి ఆ పకారం ఎలా వచ్చిందో ఈ వాదులు చెప్పరు. నార్వే, డెన్మార్క్ భాషల్లోని 'నప్పె', స్వీడిష్‌లోని 'నప్పా' అనే క్రియలకు లటుక్కున లాగడం, అందుకోవడం అన్న అర్థాలున్నాయి. నాబ్, నాప్‌లకు నిఘంటుకారులు చూపే బంధువులు ఇవే. ఉత్తరసముద్రానికి ఇరువైపులా ఉన్న జనం శతాబ్దాలపాటు కలిసి మెలిసి, కొట్టుకొని బతికారు కనుక అందులో ఆశ్చర్యమూ లేదు. ఇంగ్లీషులో ఇది దొంగల నోటా, వీధిజనం నోటా పెరిగిన మాట. మన లాక్షణికుల పెట్టెల్లో వేయవలసివస్తే గ్రామ్యం పెట్టెలో పడుతుంది.

ఇక్కడే 'కాప్' అనే మరో క్రియ ఉంది. దానికీ పట్టుకోవడమే అర్థం. దీని మీద నడిచే కథలు మన దేశం దాటి లోకమంతా వ్యాపించాయి. గస్తీలో ఉన్న కానిస్టేబుల్ అన్న ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలు కలిపితే కాప్ అయిందట. కాదు, పోలీసువాడి చొక్కాకు రాగి బొత్తాలుండేవి, రాగిని కాపర్ అంటారు కనుక పోలీసు కాపర్ అయ్యాడట. సర్ రాబర్ట్ పీల్ లండన్ పోలీసు దళాన్ని ఏర్పరచింది 1829లో. కాప్ అనే క్రియ 1704 నాటికే రాతలో ఉంది. గస్తీ తిరిగే కానిస్టేబుల్ ఉద్యోగంలో చేరడానికి 125 ఏళ్ళ ముందే ఆయన పేరు తయారుగా ఉందన్నమాట! అసలు తొలి అక్షరాలు కూర్చి మాటలు చేసే అలవాటు ఇంగ్లీషులో విరివిగా సాగింది 20వ శతాబ్దంలోనే. నాలుగు దిక్కుల తొలి అక్షరాలు కలిసి 'న్యూస్' అయిందన్న కథకూ ఇదే జవాబు. న్యూ అంటే కొత్త, న్యూస్ అంటే కొత్తవి. అంతకుమించి రహస్యమేమీ లేదు. కాపర్ కూడా అంతే. కాప్ చేసేవాడు కాపర్, పట్టేవాడు. పోలీసు అన్న అర్థంలో ఆ మాట 1846లో కనబడింది. వేటకు 'కాడు' చేర్చి వేటకాడని మనం అన్నంత సహజంగా వాళ్ళు ఆ మాట కట్టుకొన్నారు. రాగి బొత్తాలు అక్కరలేదు.

మరి కాప్ ఎక్కడిది? పట్టుకోవడాన్ని తెలిపే 'కాపెరె' అనే లాటిన్ ధాతువు నుంచి పాత ఫ్రెంచి మీదుగా వచ్చిందని కొందరు, డచ్చి భాషలోని 'కాపెన్' నుంచి వచ్చిందని మరికొందరు అంటారు. విద్వాంసులు ఈ తగవు ఇంకా తెంచలేదు, తెంచామని బుకాయించనూ లేదు. ఆ నిగ్రహాన్నే మనం నేర్చుకోవాలి. తెంచగలిగిన చోట వాళ్ళు తెంచారు. పట్టుకోవడాన్ని తెలిపే 'క్యాచ్', వెంటబడి తరమడాన్ని తెలిపే 'చేజ్' రెండూ ఆ కాపెరె సంతానమే. ఫ్రెంచి మాండలికాలు వేరు కావడంవల్ల ఒకే మాట రెండు వేషాల్లో ఇంగ్లీషులో ప్రవేశించింది. ఇంకా చిత్రమేమిటంటే, 'కలిగి ఉండు' అనే అర్థం గల ఇంగ్లీషు 'హేవ్'ను చూడగానే లాటిన్ 'హాబేరె' గుర్తుకువస్తుంది. రూపం ఒకటే, అర్థం ఒకటే. అయినా ఆ రెండూ అన్నదమ్ములు కావు. లాటిన్ కకారానికి ఎదురుగా ఇంగ్లీషులో హకారం వస్తుంది కనుక, హేవ్‌కు నిజమైన తోబుట్టువు కాపెరె. చూడడానికి కవలల్లా ఉన్నవి పరాయివి, పోలికే లేనివి రక్తసంబంధులు! చెవినీ కంటినీ నమ్ముకొని వ్యుత్పత్తి చెప్పేవాడికి ఇంతకంటే చెంపపెట్టు ఏం కావాలి?

"యాస్కుడు నిరుక్తంలో అక్షరసామ్యాన్ని బట్టి కూడా నిర్వచనం చెప్పవచ్చన్నాడు కదా, ఆ మహర్షికంటే మీరు గొప్పవారా?" అని అడిగే మిత్రులున్నారు. మహర్షికి నమస్కారం. ఆయన ముందున్న పని వేరు. మరుగునపడుతున్న వేదపదాలకు అర్థం తేల్చి, మంత్రం నిరర్థకం కాకుండా కాపాడడం ఆయన వ్రతం. అందుకోసం ఏ ఆధారమూ లేనప్పుడు ఒక్క అక్షరం పోలికనైనా పట్టుకొని ముందుకు పొమ్మన్నాడు. లండన్ వీధిలోని దొంగమాటను తెచ్చి సంస్కృతానికి దత్తత ఇవ్వమని ఆయన ఎక్కడా చెప్పలేదు. మహర్షి వేసిన ఊతకర్రను పుచ్చుకొని పక్కింటి గోడ దూకడం గురుభక్తి అనిపించుకోదు.

తెలుగు పండితుడిగా నాకు మరొక బాధ ఉంది. తెలుగు మాటలన్నీ సంస్కృతం నుంచే పుట్టాయని ఒకప్పుడు పెద్దపెద్దవాళ్ళు నమ్మేవారు. మన లాక్షణికులు మాత్రం తత్సమం, తద్భవం అన్న రెండు పెట్టెలతో ఆగక, దేశ్యం అనే మూడవ పెట్టె పెట్టారు. అటు ఇమడని మాటలున్నాయని ఒప్పుకోవడానికి వారికి చిన్నతనం అనిపించలేదు. 1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో ఎల్లిస్ దొర తెలుగు, తమిళం, కన్నడం ఒక వేరే కుటుంబమని ధాతువులు పక్కపక్కన పెట్టి చూపాడు. 1856లో కాల్డ్వెల్ దాన్ని పెద్ద గ్రంథంగా విస్తరించాడు. 1961లో భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు ధాతువుల మీదే ఒక మహాగ్రంథం వెలువరించారు. మన భాషకు సొంత పుట్టుక ఉందని నిరూపించడానికి ఇంతమంది ఇంత సాక్ష్యం పోగు చేయవలసివచ్చింది. మన మాటలకు ఎవరో పైనుంచి తండ్రిని అంటగడితే ఒప్పుకోని మనం, ఇంకొకరి మాటలకు తండ్రులను అంటగట్టడానికి ఎందుకంత ఉబలాటపడాలి? మనకు జరిగిన అన్యాయాన్ని పక్కవాడికి చేస్తే లెక్క సరిపోతుందా?

తెలుగు నుంచి ఇంగ్లీషుకు మాట పోలేదని నేననడం లేదు. పోయింది, 'బ్యాండికూట్' మన పందికొక్కే. ఆ పేరు సముద్రాలు దాటి, పందికొక్కుతో ఏ సంబంధమూ లేని ఆస్ట్రేలియా సంచిజంతువుకు కూడా అతుక్కొంది. ఈ వ్యుత్పత్తి ఎందుకు నిలబడింది? ధ్వని సరిపోయింది. అర్థం సరిపోయింది. కాలం సరిపోయింది. దొరలు తీరాంధ్రంలో గిడ్డంగులు పెట్టుకొని, ధాన్యం తినే ఈ జంతువుతో వేగారు కనుక దారీ సరిపోయింది. ధ్వని, అర్థం, కాలం, దారి. నాలుగు కాళ్ళూ ఉన్న మంచం అది. లభ్ వాదానికి అర్థం అనే ఒక్క కాలే ఉంది. నవాబు వాదానికి ఒకటిన్నర. వాటి మీద పడుకోబోతే నడుములు విరుగుతాయి.

"పోనివ్వండి మాస్టారూ, సరదా కబుర్లు, ఎవరికి నష్టం?" అని అడిగేవారికి చివరగా కిడ్నాప్ కథ చెబుతాను. నేను ఈ టపాకు కూర్చున్నదే దానికోసం.

కునుకు అన్న అర్థం గల నాప్ వేరే మాట. అది ప్రాచీన ఇంగ్లీషు నాటి నుంచి ఉన్నది, నిద్రకు సంబంధించినది. కిడ్నాప్‌లోని నాప్ మన నాబ్‌కు కవల, ఒడిసిపట్టే నాప్. కిడ్ అంటే అసలు మేకపిల్ల. 16వ శతాబ్దం చివరికి వీధిభాషలో మనిషిపిల్ల కూడా అయింది. ఈ రెండూ కలిసి 1670లు, 1680లలో కిడ్నాపర్, కిడ్నాప్ అన్న మాటలయ్యాయి. ఆ కాలంలోనే ఎందుకు? ఇంగ్లండు వీధుల్లోనూ రేవుల్లోనూ పిల్లలనూ దిక్కులేనివారినీ మాయచేసి, బలవంతపెట్టి, ఓడలెక్కించి, అమెరికా వలసల్లోని తోటలకు ఊడిగానికి అమ్మేవారు కనుక. 1645లోనే ఇంగ్లండు పార్లమెంటు పిల్లలను దొంగిలించేవారిని పట్టుకొమ్మని శాసనం చేసింది. 1654లో బ్రిస్టల్ నగరపాలకులు వలసలకు వెళ్ళే సేవకులందరి పేర్లూ పుస్తకంలో ఎక్కించాలని నియమం పెట్టారు; 1686 వరకు సాగిన ఆ పుస్తకాల్లో 10,000కు పైగా పేర్లున్నాయి. అలా ఎక్కినవారందరూ ఎత్తుకుపోబడినవారు కారు. ఎత్తుకుపోవడం ఎంత పెచ్చుమీరకపోతే అటువంటి పుస్తకం పెట్టవలసివస్తుందో ఊహించండి.

శాసనాలు వచ్చినా పని ఆగలేదు. 1743లో స్కాట్లండులోని అబర్డీన్ రేవు నుంచి పీటర్ విలియంసన్ అనే బాలుణ్ణి ఎత్తుకుపోయి ఫిలడెల్ఫియాలో 16 పౌండ్లకు అమ్మారు. అతడు బతికి బయటపడి తిరిగివచ్చి, 1757లో తన కథ అచ్చు వేశాడు. అబర్డీన్ అధికారులు చేసిన తప్పుకు సిగ్గుపడక, ఊరి పరువు తీశాడని అతడి మీదే నేరం మోపి, పుస్తకంలోని ఆ పుటలు చింపించి కాల్పించారు. అతడు న్యాయస్థానానికి ఎక్కి, 1762లో 100 పౌండ్ల పరిహారం గెలుచుకొన్నాడు. స్టీవెన్సన్ 1886లో రాసిన 'కిడ్నాప్డ్' నవలలోని కుర్రవాణ్ణీ, కరొలైనా తోటల్లో అమ్మడానికే సొంత పినతండ్రి ఓడెక్కిస్తాడు.

ఈ మాటలో ఇంత ఏడుపు ఉంది. కునుకు తీస్తున్న పాపాయి కథ దాన్నంతా తుడిచివేసి, దాని స్థానంలో జోలపాట పెడుతుంది. విలియంసన్ పుటలను అధికారులు నిప్పుతో కాల్చారు. మనం అదే పని ముద్దుకథతో చేస్తున్నాం. తప్పుడు వ్యుత్పత్తికి బలయ్యేది వ్యాకరణం ఒక్కటే కాదు, మాట మోసుకొచ్చిన మనుషులు కూడా.

ఆ మనుషులు మనకు మరీ పరాయివారు కూడా కారు. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని నేటాలుకు కూలీలను తీసుకుపోయింది. అందులో తెలుగువారున్నారు. మారిషస్‌కూ బర్మాకూ కోరంగి రేవు నుంచి వెళ్ళిన మనవారికి అక్కడ 'కోరంగీలు' అన్న పేరే మిగిలింది. కరవుకు తాళలేక తెలిసి వెళ్ళినవారున్నారు, మోసపోయి వెళ్ళినవారున్నారు. ఫిజీలో ఆ ఒప్పందాన్ని 'గిర్మిట్' అన్నారు. ఇంగ్లీషు 'అగ్రిమెంట్' కూలీల నోట నలిగి అలా అయింది. రేపు ఎవడో గిర్మిట్‌కు సంస్కృతధాతువు కనిపెట్టి, అదొక మంగళవాచకమని చెబితే మనం చప్పట్లు కొడదామా? ఆ 1860లోనే తయారైన మన శిక్షాస్మృతిలో కిడ్నాపింగ్‌కు రెండు రకాలు చెప్పారు: సంరక్షకుల నుంచి తప్పించడం ఒకటి, సమ్మతి లేకుండా మనిషిని దేశం దాటించడం రెండవది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలోని 137వ సెక్షను కూడా ఆ రెండు రకాలనూ అలాగే నిలిపింది. చట్టం మరవని ఓడను పండితులు మరవడం బాగుండదు.

కనుక నా విన్నపం ఒక్కటే. మాతృభాష మీద ప్రేమ ఉంటే పందికొక్కు లాంటి నిజమైన ప్రయాణాలను వెదకండి. ఆ పని చేయడానికి ఇంకా చాలామంది కావాలి. మాటకు పుట్టుక చెప్పేముందు ధ్వని, అర్థం, కాలం, దారి అన్న నలుగురు సాక్షులనూ పిలవండి. వారిలో ఎవరైనా రాకపోతే తీర్పు వాయిదా వేయండి. 'తెలియదు' అని రాసి ఊరుకొన్న నిఘంటువును నేను గౌరవిస్తాను. సాక్షులు లేకుండా మాటను పట్టుకొని మన ఇంట కట్టేసుకొనే పనికి మాత్రం వ్యుత్పత్తి అన్న గౌరవవాచకం వాడకండి. దానికి తగిన మాట ఇంగ్లీషులోనే ఉంది, మొదటినుంచీ దాని గురించే చెప్పుకొంటున్నాం.

ఉంటాను.